మాయింటమ్మ గుట్ట మీది అతుకుల కుండ

పూర్వం ఈ గుట్టకు మాయింటమ్మ గుట్ట అనే పేరు లేదు. వాగు పొంగినప్పుడు వరదలో కొట్టుకొచ్చిన ఒక నల్లరాతిని కొలిమిపాడు గ్రామ పెద్దలు గుట్టమీద ప్రతిష్ఠించి, కోనమ్మ అని పేరుపెట్టి భక్తిశ్రద్ధలతో కొలుస్తూండేవారు. ఆ రాయి ఏ ఊరిది, ఎవరి చేతిది అని ఎవరూ అడగలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ గ్రామానికి కేతన అధిపతి. తాను ధర్మాత్ముడినని పదిమందికీ తానే చెప్పుకునే మనిషి. ఒకనాడు ఉప్పు బిడారొకటి ఊరి బయట విడిది చేసి తరలిపోయిన చోట, నడకైనా సరిగా రాని ఆడశిశువు ఏడుస్తూ కనిపించింది. కేతన సభ తీర్చి, రోజుకొక ఇల్లు వంతున ఆ బిడ్డకు అన్నం పెట్టాలని కట్టడి చేశాడు. ఊరు దానిని మహాపుణ్యంగా భావించింది. ప్రతి ఇల్లూ గడప బయట విస్తరి వేసింది, ఏ ఇల్లూ గడప దాటించలేదు. బిడ్డకు పేరు పెట్టాలన్న ఆలోచన కూడా ఆ పుణ్యాత్ములలో ఒక్కరికీ రాలేదు. 'వంతుపిల్ల' అన్నారు, అదే పేరైంది. చెబుతూంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ పిల్ల పశువుల కొట్టాలలో పడుకుంటూ, వాన వస్తే వానలో, ఎండ కాస్తే ఎండలో పెరిగి పెద్దదైంది. పెరిగేకొద్దీ మొండిదైంది. వాగులో రాళ్లేరి పెరటి పాదుల మీద విసిరేది, నీళ్లకు పోయే ఆడవాళ్ల బిందెలు సొట్టపోయేలా కొట్టేది. విచిత్రమేమిటంటే, అంత చేసినా దానిని ఎవరూ తిట్టలేదు. తలుపులు వేసుకునేవారు, కేతనకు ఫిర్యాదు చేసేవారు, అంతే. తిట్టాలన్నా ముందు తమదనుకోవాలి కదా!

అటువంటి సమయంలో ఎర్రక్క అనే వితంతువు ఊరికి వచ్చి, వాగు ఒడ్డున బట్టీ పెట్టి సున్నం కాల్చసాగింది. ఆమె నోరు ఊరంతా హడలెత్తే నోరు. వంతుపిల్ల అలవాటు ప్రకారం ఆమె సున్నపు తొట్టిలోకి బురద విసిరిన రోజున, ఎర్రక్క చీపురుకట్ట పట్టుకుని వాగు పొడవునా తరిమింది. "మాపటిదాకా కాలికి బలపం కట్టుకుని తిరగటానికి సిగ్గులేదంటే నీకు? ఆ జుట్టేందే, ఆ అవతారమేందే?" అని గుక్కతిప్పుకోకుండా తిట్టింది. పిల్ల ఆనాటినుంచి రోజూ బట్టీ దగ్గరికి వెళ్లి ఏదో ఒకటి పాడుచేయసాగింది. ఎందుకో ఎర్రక్కకు తెలియలేదు. పిల్లకు మాత్రం బాగా తెలుసు.

జ్యేష్ఠమాసంలో వానల కోసం ప్రతి ఇల్లూ ఒక కుండ నీరు గుట్టకు మోసి కోనమ్మకు అభిషేకం చేయడం ఆ ఊరి ఆచారం. గుట్ట కింద మొదటి మెట్టు దగ్గర కేతన కర్ర పట్టుకుని నిలబడి "ఏ ఇంటి కుండ?" అని అడిగేవాడు. ఇంటిపేరు చెప్పినవారే మెట్టెక్కాలి. ఆ ఏడు వంతుపిల్ల కూడా ఎవరో పారేసిన నల్లకుండను ఇసుకతో తెల్లవారుజామునే తోమి, వాగునీరు నింపి, వరుసలో నిలబడింది.

"ఏ ఇంటి కుండే ఇది?" అన్నాడు కేతన.

పిల్ల తడబడింది. "అన్నిళ్లల్లో తిన్నా గదయ్యా. అన్నిళ్లదీ."

"కూడు పెడితే ఇల్లయిపోద్దంటే?" అని కేతన నవ్వాడు. వరుసంతా నవ్వింది. నవ్వుతూనే అతడు కర్రతో కుండను పొడిచాడు. కుండ పగిలి నీళ్లు పిల్ల కాళ్లమీద పారాయి. పిల్ల కళ్లలో నీళ్లు రాలేదు, నిప్పులు రాలాయి. ఒక్క పరుగున గుట్టెక్కి, అమ్మవారి రాతి వెనుక నక్కి, దగ్గరికొచ్చిన ప్రతివాడిమీదా రాళ్లు రువ్వింది.

ఊరు తన తంతు ఆపలేదు. కుండ వెంట కుండ అమ్మవారి శిరస్సున గుమ్మరించారు. ఒక్క చుక్క కూడా ఆ రాతిని తడపలేదు. నీరు అంచులనుంచి జారిపోయి నేలలో ఇంకిపోగా, రాయి మాత్రం కాలిన పెనంలా సెగలు కక్కింది. జనం గుండెలు బాదుకుంటూండగా కేతన కర్ర జారిపోయింది, ఒళ్లు ఊగిపోయింది, అతడి నోటనే అమ్మవారు పలికింది.

"ఏ ఇంటి కుండని అడుగుతావంట్రా కేతా! నన్నడిగావంట్రా ఎప్పుడన్నా? నాకు ఏ ఇల్లుందని నెత్తిన పెట్టుకున్నార్రా? నేనూ వరదలో కొట్టుకొచ్చినదాన్నే! పశువుకు గడ్డేసినట్టు దానికి కూడేసి పుణ్యమంటార్రా? ఇంటికి రావే అన్న నోరు ఒక్కటుందా ఈ ఊళ్లో? అట్టా పిలిచి అది కదిలిందాకా మీ నీళ్లు నేను ముట్టను!"

అప్పుడు చూడాలి ఆ ఊరి ప్రేమ! స్పృహ వచ్చిన కేతన మొదలుకొని అందరూ చేతులు జోడించి "రామ్మా తల్లీ, మా ఇంటికి రామ్మా, బంగారుతల్లివి గదా" అని తేనెలొలికించారు. భయంతో పిలిచే పిలుపు ఎలా ఉంటుందో పిల్లకు తెలియదా! కదలలేదు. ఇంకో రాయి విసిరింది.

ఇంతలో కేకలు విని బట్టీ వదిలి వచ్చిన ఎర్రక్క, సున్నపు చేతులతోనే జనాన్ని తోసుకుంటూ పైకెక్కింది. చేతులు జోడించలేదు. "ఎక్కడ చచ్చావే పొద్దుటినుంచి? నీకోసం గంజి కాసి కూచుంటే చల్లారి చచ్చింది! ఆ రాళ్లు అక్కడ పారేసి ఇంటికి పద!" అని అరిచింది.

పిల్ల చేతిలోని రాయి జారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఏడవని పిల్ల, ఎర్రక్క కడుపులో తల దూర్చి గుట్ట ప్రతిధ్వనించేలా ఏడ్చింది. ఆమె తిడుతూనే కళ్లు తుడిచింది. అప్పుడు అమ్మవారి రాతినుంచి చెమటలా నీరు ఊరి, అందరూ చూస్తూండగా రాయంతా నల్లగా తడిసింది. ఆ సాయంకాలమే వాన కురిసింది.

ఎర్రక్క తన తల్లి పేరు పెట్టి పిల్లను పోలక్క అని పిలిచింది. కుండ పెంకులు ఏరించి, సున్నమూ బెల్లమూ కలిపిన ముద్దతో అతికించింది. రాళ్లు విసిరి విసిరి వాగులో ఏ రాయి ఎక్కడుందో ఎరిగిన పోలక్క, సున్నపురాళ్లేరడంలో తల్లిని మించిపోయి, కాలక్రమాన గుట్టమీద లేచిన ఈ గుడి గోడలకు తానే సున్నం పూసింది. కేతన నిలబడిన చోట ఆమె నిలబడింది. ఆ ప్రశ్నను మాత్రం ఈ గుట్టమీద మళ్లీ ఎవరినీ అడగనివ్వలేదు.

అందువల్లనే, గుట్టెక్కినవారంతా 'మా ఇంటి అమ్మ' అనగా అనగా, కోనమ్మ మాయింటమ్మ అయింది. నేటికీ జ్యేష్ఠంలో గుట్టెక్కేవారిని, ధనికుడైనా దిక్కులేనివాడైనా, గుడి మెట్టుమీద కూర్చునే ఎవరో ఒక ముసలమ్మ "ఎక్కడ చచ్చావు ఇంతసేపు? ఇంటికి పద!" అని తిట్టి మరీ లోపలికి పంపుతుంది. ఆ తిట్టు కోసమే దూరాభారాలకోర్చి వచ్చేవారున్నారు.

అమ్మవారి శిరస్సుపైన తెల్లని అతుకుల నల్లకుండ ఉట్టిలో వేలాడుతూంటుంది. అతుకులన్నీ గట్టివే, ఒక్కచోట మాత్రం చిల్లు ఉంది. అది కేతన కర్ర తగిలిన చోటు. ఎర్రక్క దానిని కూడా పూడ్చబోతే పోలక్క చెయ్యి పట్టుకుని ఆపిందట: "అది అట్టాగే ఉండనీయమ్మా. ఊరు చూడాల." ఆ చిల్లు నుంచే ఈనాటికీ అమ్మవారికి అభిషేకం జరుగుతోంది.