తిత్తికి కట్టిన ఎర్రదారం

తిత్తిలో నీళ్ళు తగ్గిపోతున్నాయి. దొంగ ఎవరో యాసీన్‌కి తెలుసు. చెప్పడానికే నోరు రావడం లేదు. ఎందుకంటే ఆ చోట ఉన్నది ఇద్దరే. ఒకరు తను, రెండోవారు తన గురువు.

ఎడారి మధ్యలో, ఎప్పుడో ఎండిపోయిన బావి పక్కన ఒక మట్టిగది ఉంది. ముసలి ఫకీరు కమాల్ బాబా ఏడాదికోసారి అక్కడికి వచ్చి కొన్నాళ్ళు ధ్యానంలో గడుపుతాడు. ఈసారి శిష్యుణ్ణి కూడా తెచ్చుకున్నాడు. ఒంటెలవాడు వాళ్ళను దింపి, మేకతోలు తిత్తి నిండా నీళ్ళిచ్చి, ఏడో రోజున మళ్ళీ తెస్తానని వెళ్ళిపోయాడు. అందాకా ప్రాణాలు నిలబడాలంటే ఆ నీళ్ళే.

"గదిలో నా చాప పక్కన గొయ్యి ఉంది. తిత్తి అందులో పెట్టి మూత వెయ్యి," అన్నాడు బాబా.

యాసీన్ అలాగే పెట్టాడు. పెట్టాక ఆలోచన మొదలైంది. చాప పక్కనే ఎందుకు? పగలంతా తను ఎండలో పుల్లలేరుతుంటే ఆయన గదిలో ఒక్కడే ఉంటాడు. మధ్యలో ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు? పైగా తన పెదవులు పగిలి నెత్తురొస్తున్నాయి. ఆయన పెదవులు చూడబోతే ఇప్పుడే భోంచేసి లేచినట్టున్నాయి.

మర్నాడే తిత్తిని బయటికి తెచ్చి, ఎటు నుంచి చూసినా కనబడేలా తుమ్మకొమ్మకు వేలాడదీశాడు.

"మీ ధ్యానానికి అడ్డం కదా, బాబా," అన్నాడు.

బాబా ఒకసారి తిత్తి వైపు చూసి, గదిలోకి వెళ్ళిపోయాడు.

రోజూ సాయంత్రం ఇద్దరూ తాగాక, నీళ్ళ బరువుకి తిత్తి ఉబ్బు ఎంతవరకు ఉందో అక్కడ యాసీన్ ఎర్రదారం కట్టేవాడు. మూతికి ఇంకో దారం ఏడు చుట్లు చుట్టి తనకు మాత్రమే తెలిసిన ముడి వేసేవాడు. పగలు అరగంటకోసారి ఆ ముడి విప్పి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ వేసేవాడు. నీడకు పోతే తిత్తి కనబడదని ఎండలోనే కూర్చునేవాడు.

అంత కాపలా కాసినా సాయంత్రానికి నీళ్ళు దారానికి నాలుగు వేళ్ళు కిందికి దిగేవి. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. మా బాబాకు మహిమలున్నాయని ఊరూరా చాటిన యాసీన్‌కి ఇప్పుడా మహిమలే గుబులు పుట్టించాయి. ముడి విప్పకుండా నీళ్ళు తాగడం ఆయనకో లెక్కా!

నాలుగో రోజు పొద్దున్నే ఇక పట్టలేకపోయాడు.

"బాబా, నీళ్ళు ఎవరు తాగుతున్నారు?"

బాబా అతని మొహంలోకి చూశాడు. కోపం రాలేదు గానీ, నొచ్చుకున్నట్టు తెలుస్తూనే ఉంది. "రా," అని లేచాడు.

కాస్త దూరంలో ఒక పొద వెనక ఇద్దరూ కూర్చున్నారు. ఎదురుగా ఇసుకలో కన్నం. అందులోంచి ముళ్ళతోక బల్లి ఒకటి బయటికొచ్చింది. జానెడుంది, ఒళ్ళంతా నల్లగా ఉంది. లేత ఎండలో పొట్ట నేలకానించి పడుకుంది. పొద్దెక్కే కొద్దీ దాని నలుపు వెలిసి ఇసుక రంగులోకి వచ్చింది. నాలుగు ఆకులు కొరికింది. నేల కాలగానే కాళ్ళ మీద ఒళ్ళు పైకెత్తి నిలబడింది. ఇంకాస్త ఎండ ముదిరేసరికి కన్నంలోకి దూరి, లోపలి నుంచే మట్టి తోసి తలుపు మూసేసుకుంది.

"నీళ్ళెప్పుడు తాగుతుంది?" అని అడిగాడు యాసీన్.

"ఇన్నేళ్ళలో నేను చూడలేదు. ఆకులో ఉన్న తడే దానికి సరిపోతుంది."

యాసీన్ కళ్ళు చిన్నవయ్యాయి. "లోపల ఎక్కడో దాచుకుని ఉంటుంది, బాబా." లేచి వెళ్ళి, కన్నం మీది మట్టి తియ్యబోయాడు.

బాబా అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తెరవకు, బేటా. నువ్వు చూసిన ప్రతిసారీ దాని తడి కొంత గాలికి పోతుంది."

తిరిగొచ్చేసరికి తిత్తి ఎండలో ఊగుతోంది. వడగాలి కొడుతోంది. బాబా యాసీన్ అరచేతిని తీసుకుని తిత్తి అడుగున ఆనించాడు. తోలు చల్లగా తగిలింది. అరచెయ్యి తడిసింది. యాసీన్ చూస్తుండగానే ఆ తడి ఆరిపోయింది.

బాబా గదిలోకి వెళ్ళి పడుకున్నాడు.

యాసీన్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అలవాటుగా చెయ్యి ముడి మీదికి పోయింది. మధ్యలోనే ఆగింది. తిత్తిని దించి, లోపలికి మోసుకెళ్ళి, బాబా చాప పక్కన చల్లటి గోతిలో పెట్టి మూత వేశాడు. అటు వీపు తిప్పి పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం అతనికి మంచి నిద్ర పట్టింది.

మర్నాడు సాయంత్రం బాబా గిన్నె తీసుకుని గొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"నీళ్ళు దారం దగ్గరే ఉన్నాయా?"

"చూడలేదు, బాబా."

బాబా మొదటి గిన్నె అతనికిచ్చాడు.