మైకులో వడ్డించిన అన్నం

అనగా అనగా, కాలవ అవతల ఒక పాలెం. ఆ పాలెం చర్చికి ప్రభుచరణ్ గారని కొత్త అయ్యగారొచ్చారు. ఊ కొట్టండర్రా, గోడకి చెప్పుకుంటున్నానా నేను?

మంచాయనే పాపం. కాకపోతే అన్నిటికీ తొందరే, కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు ఉండేవారు. పాత అయ్యగారు నెలనెలా ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసేవారు. ఇల్లంటే ఊరికే అయిపోతుందా? గడప ఎక్కాలి, చాప మీద కూచోవాలి, టీ తాగాలి, చంటిదాని దగ్గు వినాలి, కోడలి మీద అత్త చాడీలు వినాలి, అత్త మీద కోడలి చాడీలు వినాలి, అప్పుడుగానీ ఆమెన్ రాదు. కొత్తాయన మొదటిరోజు పొద్దుగూకేదాకా తిరిగినా ఒక వీధైనా అవలేదు.

చర్చికి మైకు ఉంది కదా. మర్నాటి నుంచి ఆయన దాని ముందు కూచుని, ఇంటింటి పేరూ చెప్పి ప్రార్థన చేసెయ్యడం మొదలెట్టారు. ఆడవాళ్ళు కొంగు నెత్తిన కప్పుకుని, కూర కలుపుతూనే ఆమెన్ అనేవాళ్ళు. పొద్దున్నే పాలెం మొత్తం అయిపోయేది. అయ్యగారికి ఎంత సంబరమో.

పాలెం చివర సలోమమ్మని ఒక ముసలావిడ ఉండేది. ఒంటరిది, పైగా చెవుడు. పక్కన పిడుగు పడ్డా వినపడదు. నెలకోసారి అయ్యగారొచ్చి నెత్తిన చెయ్యి పెట్టడమే ఆవిడకి ప్రార్థన. చాప పరిచి చూసింది, రాలేదు. మళ్ళీ నెల పరిచింది, రాలేదు. దేవుడు నా గుమ్మం దాటేసి పోయాడు, ఇంక నాకు అన్నమెందుకని పొయ్యి ఆర్పేసి పడుకుంది. ఇది చెప్పినప్పుడల్లా నాకు ఏడుపొస్తుందర్రా.

అయ్యగారి భార్య కరుణమ్మ పాలకెళ్తూ ఆవిణ్ణి చూసింది. సైగలతో అడిగి సంగతి తెలుసుకుంది. గంజి కాచి ఇస్తే ముసలావిడ మొహం గోడవైపు తిప్పుకుంది. ఇంటికొచ్చి కరుణమ్మ మొగుడితో ఒక్క మాట అనలేదు. తెలివంటే అదే, ఏమే కీర్తనా, నువ్వయితే వీధంతా వినేలా అరిచుండేదానివి.

మధ్యాహ్నం అయ్యగారు భోజనానికి కూచున్నారు. చూస్తే కంచం ఖాళీ. ఇంతలో మైకులోంచి భార్య గొంతు.

“అయ్యగారికి అన్నం. అయ్యగారికి పప్పు. అయ్యగారికి గోంగూర. అయ్యగారికి నెయ్యి. ఆమెన్.”

పాలెం అంతా పడీపడీ నవ్వింది. ఆయన చర్చికి పరిగెత్తి, ఇదేంటి కరుణా అన్నారు.

“వడ్డన అయిపోయిందండీ. సలోమమ్మకి మీరు వడ్డించేది కూడా ఇలాగే. ఆవిడకి చెవుడు. మీరు రావట్లేదని తిండి మానేసి పడుకుంది.”

అయ్యగారి మొహం చిన్నబోయింది. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి, సలోమమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, దేవుడు నన్ను మర్చిపోలేదా అయ్యా అనడిగింది. మర్చిపోయింది దేవుడు కాదమ్మా, నేను అని చెప్పాలనుంది ఆయనకి. చెవిటావిడకి ఎలా చెప్తారు? పొట్ట మీద చెయ్యేసుకుని, ఆకలేస్తోందని చూపించారు.

అంతే, ముసలావిడ గబుక్కున లేచింది. ఇంటికొచ్చిన అయ్యగారు ఆకలితో పోతారా? పొయ్యి వెలిగించింది, ఎసరు పెట్టింది, చింతకాయ పచ్చడి తీసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని తిన్నారు. ఆయన లేవబోతే ఇంకో ముద్దని కూచోబెట్టింది. పొద్దుగూకేదాకా ఆయన లేవలేదు.

ఆ తర్వాత ఆయన ఏ నెలా పాలెం మొత్తం తిరగలేకపోయారు. ఆగిన ఇంటి దగ్గర్నుంచి మళ్ళీ నెల మొదలెట్టేవారు. అయినా ఎవరూ ఒక్క మాట అనలేదు. మనిషి వెళ్ళాల్సిన చోటికి గొంతు పంపి ఊరుకోకూడదర్రా, అదీ సంగతి.

కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లో దూరండి.