కొండతుమ్మి కాడ

వెనకటికి ఒక రాజుగారి తల్లి చంద్రమతీదేవికి ముసలితనంలో చూపు పోయింది. చిన్నప్పుడు పుట్టింటి కొండమీద తేనె పీల్చిన కొండతుమ్మి పువ్వు ఒక్కసారి చేతికందితే చాలని ఆమె ఆశ. ఆస్థాన వైద్యుడు సోమనాథశాస్త్రి కొండెక్కే ఓపికలేక, తోటలోని తెల్లపూలే కోసుకొచ్చాడు.

"ఇది కాదు నాయనా," అందామె.

"పెద్దమ్మగారికి మతి తప్పుతోంది ప్రభూ," అన్నాడు శాస్త్రి. రాజు నిజమేననుకుని తల దించుకున్నాడు.

కట్టెలు దించడానికొచ్చిన కోనమ్మకు ఆ మాట గుచ్చుకుంది. ఆమెదీ ఆ కొండే. మర్నాడు అసలైన కొండతుమ్మి తెచ్చి, తోటపువ్వునూ పక్కన చేర్చి, ఆకులు తుంచేసి, కాడలకు గుడ్డ కప్పి సభలో నిలబడింది.

"వీటిలో కొండతుమ్మి ఏది సామీ?"

శాస్త్రికి తేడా కనిపించలేదు. "రెండూ అదే!" అన్నాడు దర్జాగా.

కోనమ్మ గుడ్డ తీసేసి, వాటిని సభలోనే కూర్చున్న రాజమాత చేతుల్లో పెట్టింది. ఆమె కాడలను వేళ్లమధ్య నలిపి చూసింది.

"ఇది గుండ్రంగా దొర్లుతోంది. తుమ్మికాడకు నాలుగు పలకలుంటాయి, దొర్లదు. ఇదిగో, ఇదీ మా పువ్వు!"

రాజు తానూ తడిమి చూశాడు. వెంటనే తల్లి పాదాలు పట్టుకున్నాడు.

రాజమాత పువ్వు పీకి తేనె పీల్చింది.

"వాగు దాటాక నల్లరాళ్ల దగ్గర ఇంకా పూస్తోందా, అమ్మీ?"

"విరగబూసిందమ్మా," అంటూ కోనమ్మ ఆమె పక్కనే చతికిలబడింది. ఆ పూట కొండ కబుర్లు తెమల్లేదు.