ఉప్పుటేరు మీద దయ చూపిన రాజు

అనగనగా, సముద్రానికి తలుపు వేయాలని ఎవరికీ తోచని రోజుల్లో, కదంబపాలుడనే రాజు ఉండేవాడు. మెట్టసీమలో పుట్టి పెరిగినవాడు. మామిడితోటలు, మంచినీళ్ళ బావులు తప్ప మరొకటి ఎరగడు. మేనమామకు పిల్లలు లేనందువల్ల ఆయన తీరరాజ్యం కూడా ఇతనికే వచ్చింది.

కొత్త రాజ్యం చూద్దామని మంత్రి సుబంధుణ్ణి వెంటబెట్టుకుని పడవెక్కాడు. ఉప్పుటేటికి రెండు పక్కలా మడ అడవి. మడచెట్ల తీరే వేరు. వాటిలో కొన్నిటికి విత్తనం తల్లికొమ్మ మీదే మొలకెత్తుతుంది. చంక దిగని పిల్లలాగ వేలాడి వేలాడి, కాలు సాగాక గాని బురదలోకి దూకదు. అదంతా చెప్పుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది. రాజుగారు పడవలోనే ఉన్నారు కదా, అక్కడికే వద్దాం.

రాజు ఒక ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది.

"అయ్యో మంత్రీ! ఎంత ఏడిస్తే ఆకులకు ఇంత ఉప్పు పట్టిందో! ఈ చెట్లకు మంచినీళ్ళు పోసే దిక్కే లేదా?"

"ప్రభువులు దయామయులు. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగకు గట్టు వేయిస్తే సముద్రం లోపలికి రాదు. వాననీరు బయటికి పోదు" అన్నాడు మంత్రి.

గట్టు లేచింది. సముద్రం లోపలికి పొంగే పోటు ఆగింది, వెనక్కి తీసే ఆటు ఆగింది. వాననీరు నిలిచింది. కొన్నాళ్ళకు ఆకులు పసుపుబారాయి.

"ఉప్పు ఇంకా విరగలేదు ప్రభూ" అన్నాడు మంత్రి. నది నుంచి కాలువ తీసి ఇంకా నీళ్ళు వదిలారు. ఆకులు రాలాయి.

"అయితే బురదలో సత్తువ లేదు" అన్నాడు మంత్రి. బళ్ళకొద్దీ ఎర్రమట్టి తెచ్చి పోయించారు. చెట్ల చుట్టూ మేకుల్లా పొడుచుకు వచ్చిన వేళ్ళన్నీ మట్టికింద పడ్డాయి. కొమ్మలు ఎండాయి. చేపలు కనబడలేదు. కొంగలు ఎగిరిపోయాయి.

జాలర్లు ఖాళీ వలలు భుజాన వేసుకుని వచ్చారు. "అయ్యా, కూడు పోయింది, అది అలా ఉంచండి. ఈ అడవి కూడా పోతే తుఫాను గాలికి మా ఇళ్ళకు అడ్డమెవరు?" అన్నారు.

"ఈ చెట్లు ఎలాగూ బతకవు. నరికించి మామిడి వేయిద్దాం ప్రభూ" అన్నాడు మంత్రి.

మర్నాడు ఉదయం గొడ్డళ్ళు వచ్చాయి. రాజు దిగులుగా గట్టు మీద నిలబడ్డాడు. అప్పుడు గట్టు కన్నంలోంచి ఒక ముసలి పీత వచ్చి ఆయన చెప్పు మీదికి ఎక్కింది.

"కాలు కదపకు నాయనా, ముసలిదాన్ని."

"ఎవరవ్వా నువ్వు?"

"ఈ బురద దాన్నే. మా ఇళ్ళకు బురదే తలుపు. పోటు వస్తే వేసుకుంటాం, ఆటుకు తీసుకుంటాం. అది మా ఆచారం. నువ్వేమో నీళ్ళు కదలకుండా నిలబెట్టావు. ఆటు ఎప్పుడొస్తుందా అని నా మనవలంతా తలుపులు వేసుకుని ఆకలితో కూర్చున్నారు."

మంత్రి పకపకా నవ్వాడు. "తలుపు తీసి బయటికి రమ్మనవే! పీతలకు కూడా పంచాంగమా?"

"నీకు తిథి పంతులు చెప్పాలి బాబూ, మాకు చంద్రుడే చెబుతాడు" అంది పీత.

"అవ్వా, నేను పోసినవి మంచినీళ్ళే కదా! చెట్లెందుకు చస్తున్నాయి?" అన్నాడు రాజు.

"ముక్కు మూసుకో నాయనా. ఆ నోరు కూడా."

రాజు మూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. కళ్ళు మిడిగుడ్లు పడ్డాయి. ఇక తాళలేక చెయ్యి తీసి రొప్పాడు.

"ఇప్పుడు నీకు ఎన్ని కడవల మంచినీళ్ళు ఇమ్మంటావు?"

"నీళ్ళెందుకవ్వా! గాలి కావాలి!"

"మరి ఆ మేకులే చెట్ల ముక్కులు. బురదలో గాలాడదని పైకి లేచి, ఆటుకు నీరు తీసినప్పుడు ఊపిరి పీలుస్తాయి. వాటి మీద నీళ్ళు నిలబెట్టావు, పైన మట్టి పోయించావు. ఆకు మీది ఉప్పు ఏడుపు కాదు నాయనా. తాగిన ఉప్పును చెట్టు చెమటలాగ బయటికి నెట్టేస్తుంది."

రాజు తలవంచుకున్నాడు. తరవాత తలపాగా తీసి మంత్రి చేతిలో పెట్టబోయి, మనసు మార్చుకున్నాడు.

"మీరూ దిగండి మంత్రీ. పార మీకొకటి, నాకొకటి."

జాలర్లు, గొడ్డళ్ళ వాళ్ళు, రాజు, మంత్రి అందరూ కలిసి గట్టు తెగ్గొట్టారు. నీరు హోరున సముద్రంలోకి పోయింది. వేళ్ళ మీది మట్టిని తట్టలతో ఎత్తారు. బురద బయటపడింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

ఒకచోట బురద బిళ్ళ కదిలింది. చిటికెనగోరంత పీతపిల్ల బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, గబగబా బురద మేయసాగింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే బురదంతా మెదిలింది. ముసలి పీత ఆ గుంపులోకి దిగిపోయింది.

చెట్లు మాత్రం తొందరపడలేదు. రాజు రోజూ వచ్చి చూసి వెళ్ళేవాడు. కొన్ని చెట్లు పోయాయి, అబద్ధమెందుకు? కానీ ఆటుపోట్లు నడవగా నడవగా, ఒక ఉదయం ఎండుకొమ్మ కొసన పచ్చటి చిగురు కనబడింది. రాజు వేలితో తాకి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. ఆ ఉప్పుకు రాజు బురదలోనే చతికిలబడి హాయిగా నవ్వాడు.

ప్రతి ప్రాణినీ దాని నేల, నీరు, గాలి మలుస్తాయి. అవి తెలుసుకోకుండా చూపే దయ కూడా హానే చేస్తుంది.