గవరమ్మ గుడ్డ

అనగా అనగా, మన ముత్తాతలకి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో ఇంటింటి పెరట్లో బట్టలుతికి ఆరేసే ముసలామె ఒకతె ఉండేది. పేరు గవరమ్మ. పొలం లేదు, పుట్ర లేదు, నా అన్నవాళ్లు లేరు. ఏ పెరట్లో ఏ మూల ఎండ ఎంతసేపు నిలుస్తుందో మాత్రం తెలుసు. తెలియదా మరి, తడికోకలు ఆరాల్సింది ఆ ఎండలోనే కదా.

అదే ఊళ్లో ఆదెమ్మ అని ఒక పెద్దింటావిడ. ఆవిడ కోడలు నూకాలు. అక్కడొక ఆచారం ఉండేది. కొత్తకోడలు తొలకరికి అత్తింటి పెరట్లో మొక్క నాటాలి. బతికితే ఆమె చెయ్యి మంచిది. చస్తే చెడ్డది.

నూకాలు మామిడి నాటింది. చచ్చింది. మరుసటేడు ఉసిరి నాటింది. చచ్చింది. మూడో ఏడు దానిమ్మ నాటింది. అదీ చచ్చింది. నీళ్లు తక్కువ చేసిందా, లేదు. ఎరువు తక్కువ చేసిందా, లేదు.

"ఈ సెయ్యి ఇంట్లో ఉంటే గాదెలో గింజ నిలవదు," అంది ఆదెమ్మ. "ఈసారి మొక్క కార్తీకం దాకా బతక్కపోతే నిన్ను కన్నోరింటికి అంపేస్తాను."

మొగుడేమన్నాడు అంటారా? అమ్మ ముందు వాడికి దగ్గు తప్ప మాట రాదు.

తొలకరి పడింది. నూకాలు పెరట్లో బావి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. గవరమ్మ బట్టల మూట దించింది.

"ఏటమ్మా, ఏటయింది?"

"నా సెయ్యి మంచిది కాదట, మామ్మా."

"మొక్కకి సూడాల్సింది సెయ్యి కాదమ్మా, ఎండ."

వాన తెరిపిచ్చిన రోజు గవరమ్మ పాత పంచెని మూడు ముక్కలు చేసి తడిపింది. ఆ పెరట్లోనే ఒకటి గోడవార ఆరేసింది. ఒకటి వడ్ల గాదె పక్కన ఆరేసింది. ఒకటి నడిమధ్య ఆరేసింది. గోడవారది పొద్దుగూకినా ఆరలేదు. గాదె పక్కదీ ఆరలేదు. నడిమిది మాత్రం పొద్దున్న కాస్త ఆరి, మధ్యాహ్నం నీడపడి ఆగి, సాయంత్రానికి ఎలాగో ఆరింది.

"మీ పెరడంతా కలిపి ఎండ ఈ మాత్రమే. మామిడికి సాలదు. ఉసిరికి సాలదు. దానిమ్మకీ సాలదు. మన కొండ మీద పెద్ద సెట్ల కింద బతికే మొక్కలున్నాయి. పొగడుంది, కరేపాకుంది, పారిజాతముంది. సగం నీడ వాటికి పుట్టిల్లు. పారిజాతం తెచ్చి ఈ నడిమి సోట నాటు."

లోపల్నించి ఆదెమ్మ వచ్చింది. "బట్టలుతికేదానివి, నీకెందుకే మొక్కల సంగతి? సచ్చినవన్నీ దీని సేతివల్లే సచ్చాయి."

గవరమ్మ గుడ్డ మడతపెడుతూ నెమ్మదిగా అంది. "ఆదెమ్మమ్మా, నువ్వు కొత్తకోడలిగా వచ్చినప్పుడు మామిడి నాటావు. ఇక్కడే. అదీ సచ్చిపోనాది. ఈ బావికాడే కూకుని ఏడిసావు. నాను సూసాను. మొక్కకి సూడాల్సింది సెయ్యి కాదమ్మా, ఎండ."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఆదెమ్మ తన కుండని ముప్పై ఏళ్లుగా మరిచేపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది. పాపం, ఆవిడకీ ఏడుపొచ్చింది.

"నాటుకో," అని లోపలికెళ్లిపోయింది.

నూకాలు పారిజాతం నాటింది. ఆషాఢంలో చిగురేసింది. శ్రావణంలో చిగురేసింది. భాద్రపదంలోనూ చిగురేసింది. ఆ భాద్రపదంలోనే గవరమ్మ జ్వరమొచ్చి పోయింది. చాకిరేవు పక్కన మట్టిచేశారు. గుర్తుకి రాయైనా పెట్టలేదు.

కార్తీకం వచ్చింది. మొక్క మోకాలెత్తు నిలిచింది. నూకాలు ఇంట్లోనే ఉంది, ఆదెమ్మ ఎక్కడికీ పంపలేదు.

మరుసటేడు పారిజాతం పూసింది. ఒక పొద్దున్న నేలంతా తెల్లటి పూలు. ఆదెమ్మ వంగలేక వంగి వాటిని ఏరి, కోడలి దోసిట్లో పోసింది.

"రేవుకాడికెళ్లి గవరమ్మ మట్టి మీద పోసిరా. నీ సేత్తోనే పొయ్యి. మంచి సెయ్యి."

ఆ మాట ఊరంతా పాకింది. గవరమ్మ మాట కూడా పాకింది.

ఇప్పటికీ ఆ కొండ కింద ఊళ్లలో మొక్క తెచ్చే ముందు పెరట్లో మూడు చోట్ల తడిగుడ్డ ఆరేస్తారు. దాన్ని గవరమ్మ గుడ్డ అంటారు. ఎండకి తగ్గ చెట్టుని ఆ కొండ మీద నుంచే తెచ్చుకుంటారు. కోడళ్లకి మొక్కల పరీక్ష ఎప్పుడో పోయింది. అయినా అత్తలన్నాక నోరు ఊరుకోదు కదా. ఎవరైనా కోడలి మీద నోరు పారేసుకుంటే పక్కనున్నవాళ్లు ఒక్క మాటే అడుగుతారు.

"గుడ్డ ఆరేసి సూసావా?"