మజ్జిగలో రొట్టె

మఠం వంటామె ఈరమ్మ దగ్గు మాన్పిస్తానని శిష్యుడు సంగమేశు అందరి ముందూ మాటిచ్చాడు. ముప్పై ఏళ్ళు కట్టెల పొగలో రొట్టెలు కాల్చీ కాల్చీ ఆమె ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. పొగ మానకపోతే మనిషి దక్కదని ఆదోని డాక్టరు తేల్చి చెప్పాడు.

పెరట్లో పేడ గ్యాసు గుంత ఉంది. రెండావుల పేడతో వచ్చే గ్యాసు పాలు కాగడానికే సరి. పొలాల్లో తగలబెట్టే మొక్కజొన్న దంట్లు కూడా అందులో వేస్తే మూడు పూటలా మంట వస్తుందని సంగమేశు ఆశ. చదువుకున్నవాడు కదా, నరికి వేసేశాడు. దంట్లు కుళ్ళలేదు సరికదా, తెట్టులా పైకి తేలి ఉన్న గ్యాసుకూ అడ్డం పడ్డాయి.

అప్పుడు కాస్టిక్ సోడా తెచ్చాడు. సోడా నీళ్ళలో ఉడికిస్తే దంట్లు మెత్తబడిన మాట నిజమే. కానీ సంగమేశు చేతులు బొబ్బలెక్కాయి. కడిగిన నీళ్ళు పారినచోట కరివేపాకు చెట్టు మాడిపోయింది. పైగా ఉడికించడానికి మళ్ళీ కట్టెలే! ఈరమ్మకి గోరుచుట్టు మీద రోకటిపోటైంది. ఇప్పుడు రెండు పొయ్యిల పొగ.

మర్నాడు పొద్దున్నే సంగమేశు సంచీ సర్దుకుని గురువు మహంతయ్య ముందు నిలబడ్డాడు.

"నా చేత కాలేదయ్యా. మాట తప్పినాను. పోతాను."

మహంతయ్యకు ఎనభై దాటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. "పోదువులే. ఆకలైతాంది, రొట్టె తేపో" అన్నాడు.

వంటింట్లో నిన్నటి జొన్నరొట్టె ఒక్కటే ఉంది. ఎండి పెంకులా అయింది. "రోట్లో దంచి తెస్తానయ్యా" అన్నాడు సంగమేశు.

"ఏమిటికిరా దానిమీద కోపం?"

ముసలాయన రొట్టె తుంచి పుల్లమజ్జిగలో వేసి, పళ్ళెంతో మూశాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు. సంగమేశుకి ఒళ్ళు మండింది. తాను పరువు పోయి నిలబడి ఉంటే ఈయనకి కునుకా! అయినా గురువు తినకముందు కదలకూడదు. కూర్చున్నాడు.

చాలాసేపటికి మహంతయ్య పళ్ళెం తీశాడు. రొట్టె వేళ్ళ మధ్య వెన్నలా నలిగింది. చప్పరిస్తూ అంతా తినేసి, "ఇంక పోరా" అన్నాడు.

సంగమేశు పోయాడు. బస్సుకి కాదు, గ్యాసు గుంత వెనక్కి. గుంతలోంచి బయటికొచ్చే పేడనీళ్ళ తొట్టిలో ఎప్పుడో పడిన దంటు ముక్కలున్నాయి. ఒకటి తీసి నొక్కాడు. చితికిపోయింది. సంచీ అక్కడే పడేశాడు.

దంట్లు సన్నగా నరికి, ఆ పేడనీళ్ళలోనే నానేసి, గోనెపట్టాలు కప్పాడు. వారం ఆగాడు. ఆగడమే కష్టమైంది పాపం. తర్వాత రోజుకిన్ని చొప్పున గుంతలో వేశాడు. ఈసారి తెట్టు కట్టలేదు.

నెల తిరిగేసరికి మూడు పూటలా నీలిమంట. ఒకరోజు పొద్దున వంటింట్లోంచి రొట్టె తట్టే చప్పుడే వినిపించింది, దగ్గు వినిపించలేదు. సంగమేశు గోడకి ఆనుకుని వింటూ నిలబడ్డాడు. గుండెల మీంచి బండ దిగినట్టయి ఏడ్చేశాడు.

"ఏమప్పా, ఏడుస్తాండావు? పొగ కూడా లేదే!" అంది ఈరమ్మ, వేడిరొట్టె తెచ్చి వసారాలో కూర్చున్న గురువు ముందు పెడుతూ.

సంగమేశు కళ్ళు తుడుచుకున్నాడు. "అయ్యా, ఆ పొద్దు నోటితో ఒక్క మాట చెప్పుంటే..."

"నా నోట్లో ఏముందిరా?" మహంతయ్య బోసినోరు తెరిచి చూపించాడు. రొట్టె తుంచి మజ్జిగలో వేస్తూ అన్నాడు:

"పళ్ళు లేనోనికి మజ్జిగే పళ్ళు."