నాలుగో మలుపులో సీతాకోకచిలుకలు

కొండెక్కే ఘాట్ రోడ్డులో నాలుగో మలుపు దగ్గర, నేరేడు చెట్టు కింద చిన్న ఊట ఉంది. వానలు వెలిశాక అక్కడి బురద మీద సీతాకోకచిలుకలు వాలితే నేల కనబడేది కాదు. ఆ వింతకి తనకు తానే పెద్దరికం కట్టబెట్టుకున్నాడు నక్క గవరయ్య. చూడవచ్చిన జంతువుల ముందు తనే వాటిని పెంచినట్టు కోతలు కోసేవాడు. వాళ్ళు తెచ్చిన చేపో పీతో నోట్లో వేసుకునేవాడు.

అక్కడ అతనికి గిట్టనివాడు ఒక్కడే, ముసలి ఎద్దు సింహాచలం. జన్మంతా ఆ ఘాట్‌లో బండి లాగి, ఇప్పుడు ఊట పక్కన నెమరేసుకుంటూ నిలబడేవాడు.

ఒకనాడు చిరుతదొర నుంచి కబురొచ్చింది. "రేపు దొరసానిని తెస్తున్నా. సీతాకోకచిలుకలు కనబడలేదో, నీ తోలు మా గుమ్మానికి వేలాడుతుంది!"

గవరయ్యకి చెమటలు పట్టాయి. చుట్టూ చూస్తే బురద, పేడ, పంచితం కంపు. దొరసాని ముక్కు మూసుకోదూ? గబగబా ఎద్దు దగ్గరికి నడిచాడు.

"మావా, పై మలుపుకి ఎల్లిపో."

"ఈ మోకాళ్ళతోనా అల్లుడా? పైన తాగడానికి నీళ్ళు కూడా నేవు."

"నీ కంపుకి సీతాకోకచిలుకలు పారిపోతాయి!"

"ఇన్నేళ్ళ బట్టీ ఉన్నాను, ఒక్కటి పారిపోయిందేటి?"

"ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! నడు, నడు!" అంటూ కానుగ కొమ్మ విరిచి బాదాడు గవరయ్య.

సింహాచలం నిట్టూర్చి, కుంటుకుంటూ ఎక్కిపోయాడు.

గవరయ్య రాత్రయ్యేదాకా వంచిన నడుం ఎత్తలేదు. బురదంతా గీకి, ఊటనీళ్ళతో కడిగి, పొడి ఇసక పరిచి, దాని మీద తంగేడు పూలు చల్లాడు. పెళ్ళిపందిరిలా ఉందని తనకు తనే మురిసిపోయాడు.

తెల్లారింది. దొర వచ్చాడు, దొరసాని వచ్చింది. సీతాకోకచిలుక మాత్రం ఒక్కటీ రాలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"వస్తాయి దొరా, దార్లో ఉన్నాయి," అన్నాడు గవరయ్య, తోక కాళ్ళ మధ్య దాచుకుని.

ఇంతలో రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్న కుందేలు అరిచింది. "దొరా, పై మలుపు చూడండి!"

అందరూ పరుగెత్తారు. అక్కడ సింహాచలం పడుకుని ఉన్నాడు. అతను పంచితంతో తడిపిన మట్టి మీద, చెమట పట్టిన మూపు మీద, కొమ్ముల మీద పసుపూ నీలం రెక్కలే! ఒకటి వచ్చి దొరసాని ముక్కు మీద వాలింది. ఆవిడ కళ్ళు అటు తిప్పి కిలకిలా నవ్వింది.

"ఇవి నీ దగ్గరికెలా వచ్చాయి?" అడిగాడు దొర.

"బండెద్దులందరికీ తెలిసిందే దొరా. ఈటికి పువ్వుల్లో తేనె ఒక్కటే సాలదు, ఉప్పు గావాల. మా సెమటలోనూ పంచితంలోనూ ఉంటాదది."

గవరయ్య ఠక్కున అందుకున్నాడు. "ఆయన్ని ఇక్కడికి పంపింది నేనే దొరా!"

"నిజమే దొరా," అన్నాడు సింహాచలం తాపీగా. "కొమ్మ పెట్టి బాది మరీ పంపాడు."

అందరూ పగలబడి నవ్వారు. దొర కూడా నవ్వి, "తోలు ఉంచుకో గవరయ్యా, పని ఉంది. మావకి రోజూ కిందనుంచి నీళ్ళు మోసుకురా," అన్నాడు.

ఆ రోజు అడ్డాకుల దొన్నెలో నీళ్ళు పట్టి, దాన్ని పళ్ళతో కరుచుకుని ఏడోసారి ఎక్కుతుంటే, చెమటోడుతున్న గవరయ్య నుదుటి మీద ఒక సీతాకోకచిలుక వాలింది. ఎన్నేళ్ళో పెద్దరికం చేశాడు గానీ, అతని మీద ఒకటి వాలడం అదే మొదలు.

పండగ ఎవరి వల్ల వచ్చిందో తెలుసుకోకుండా పందిట్లోంచి ఎవరినీ గెంటకూడదు.